కొమురమ్మ ఇంట్లో దాచిన చుక్కల కోడి

మా చిన్నప్పుడు... బడి విడవగానే పుస్తకాల సంచి అరుగు మీద పడేసి, పాత కుండలో ఇంత పేడ, ఇంత ఎండుగడ్డి కుక్కి, చేను గట్టున బోర్లించి వచ్చేవాళ్లం. తెల్లారేసరికి దాని నిండా చెదలు! వాటిని తెచ్చి కోడిపిల్లల ముందు దులిపితే, అబ్బ... ఆ పరుగులు, ఆ కొట్లాటలు. పెళ్లి భోజనాల దగ్గర కూడా అంత సందడి ఉండేది కాదు.

వరంగల్‌కు బస్సులో గంట దూరం మా ఊరు. నాన్నది మగ్గం పని. ఇంట్లో కోళ్లన్నీ అమ్మవే అయినా, ఒక్క చుక్కల పెట్ట మాత్రం నాది. నా చేతిలో నూకలు తినేది... నేను అన్నం తింటుంటే ఒళ్లోకి ఎక్కేది. పదేళ్ల పిల్లకు అంతకంటే ఏం ఆస్తి కావాలి?

నా దోస్తు కొమురమ్మ ఇల్లు ఊరి చివర. తండ్రి లేడు, తను అవ్వ అని పిలిచే తల్లి కూలికి పోయేది. ఆ ఇంట్లో పదకొండు కోళ్లూ కొమురమ్మవే. గుడ్లు పొదగేయడం, ఉరుముకు అవి చెడిపోకుండా మధ్యలో ఇనుప ముక్క పెట్టడం, సాయంత్రం అన్నిటినీ పిలిచి గంప కమ్మడం... అన్నీ తనే. గుడ్లు దుకాణంలో ఇచ్చి నోటుబుక్కులు తెచ్చుకునేది.

"కోళ్లున్నన్ని దినాలు బడికి పో బిడ్డా. అవి లేకుంటె నాతోని కూలికి రావాలె" అని తల్లి ముందే చెప్పేసింది. అందుకే ఆ కోళ్లంటే కొమురమ్మకు ప్రాణం. లెక్కల్లో మా తరగతిలో ఆమెను మించినవాళ్లు లేరు. నేను పక్కన కూర్చుని చూసి రాసేదాన్ని, ఇప్పుడు దాచడం ఎందుకు.

ఒక ఏడు మిరపకాయలు ఏరే రోజుల్లో మా వాడలో కోళ్లకు కొక్కెర రోగం మొదలైంది. తెల్లగా పారుకుని, మెడలు వాల్చేసి, రెండు మూడు రోజుల్లో పోయేవి. ఆ రోగం వచ్చిందంటే మా ఊళ్లో రెండే పనులు చేసేవారు. కాస్త మందకొడిగా కనిపించిన కోడిని ఆ పూటే కోసుకునేవారు. బాగున్న కోడిని రోగం లేని వాడలో తెలిసినవాళ్ల ఇంట్లో కొన్నాళ్లు దాచేవారు.

ఆ పొద్దున నా చుక్కల కోడికి నూకలు వేస్తే ముట్టలేదు. గోడ పక్కన కళ్లు మూసుకుని నిలబడింది. నేను చూశాను... బాగానే చూశాను.

అంతలో అమ్మ వచ్చింది. "నీ కోడి మంచిగనే తింటాందా?"

"ఆ... తింటాంది."

"అయితే జల్ది కొమురమ్మోళ్ల ఇంట్ల ఇడిసిరాపో. రోగం పోయినంక తెచ్చుకుందాం."

తినడం లేదని చెబితే మధ్యాహ్నానికి అది కూర అయిపోతుంది. నాకు ఆ ఒక్క భయమే ఉంది. కొమురమ్మ కోళ్ల గురించి ఆలోచన కూడా రాలేదు, దేవుడి తోడు.

చంకలో పెట్టుకుని తీసుకెళ్లాను. కొమురమ్మ రెండు చేతులతో అందుకుని దాని మొహంలోకి చూసింది.

"గిదేందే, కండ్లు మూస్తాంది?"

"ఎండల తెచ్చిన గదా... గందుకే."

"అట్లనా? నువ్వేం ఫికర్ చెయ్యకు. నా కోళ్లతోనే కమ్ముకుంట" అంది. దానికి నీళ్లు తాపింది. తన కోళ్లను జరిపి మరీ గంపలో జాగా చేసింది.

మూడో రోజుకు నా కోడి పోయింది. వారం తిరక్కుండా కొమురమ్మ పదకొండు కోళ్లూ పోయాయి.

నేను వెళ్లేసరికి ఇంటి వెనక గుంత తీసి మట్టి కప్పుతోంది. తల ఎత్తి నా వైపు చూడలేదు. దుఃఖం అనుకున్నాను. "గాలికొచ్చింది, ఎవలేం జేస్తరు" అని పెద్దవాళ్లు అంటుంటే, ఆ మాటనే గట్టిగా పట్టుకున్నాను. రాత్రి నేను ఏడిస్తే కోడి కోసమే అనుకుని అమ్మ బెల్లం ముక్క ఇచ్చి ఊరుకోబెట్టింది. సిగ్గులేకుండా తిన్నాను.

తర్వాత కొమురమ్మ బడికి రాలేదు. తల్లి వెనకాల మిరపతోటకు పోతుంటే దూరం నుంచి చూసేదాన్ని. ఎదురుపడితే నేనే పక్క సందులోకి తప్పుకునేదాన్ని.

ఇన్నేళ్ల తర్వాత... పోయిన చలికాలం కేసముద్రం పోయే బస్సులో ఒకామె వచ్చి నా పక్కన కూర్చుంది. కాసేపు తేరిపార చూసి, నా పేరు పెట్టి పిలిచి, గట్టిగా వాటేసుకుంది. కొమురమ్మ! పిల్లల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఉన్నట్టుండి గొంతు తగ్గించింది.

"నీకో మాట జెప్పాలె... ఇన్నేండ్ల సంది నాకు గుబులే. నీ కోడిని నేను కాపాడకపోతి. మా కోళ్లకే రోగముండె గావచ్చు, సూస్కోక నీ దాన్ని గూడ అండ్లనే కమ్మిన. పరీక్షలైనదాంక బడికి పొమ్మనే అన్నది మా అవ్వ. నేనే రాలే. నీ మొఖమెట్ల జూడాలె అని..."

చెప్పడానికి నోరు తెరిచాను... నిజంగానే తెరిచాను.

"ఎప్పటి ముచ్చటో గది... ఇడిసిపెట్టవే" అన్నాను.

తప్పు నాదైతే, ఆమెను నేను క్షమించినట్టు! కొమురమ్మ నా చేయి నొక్కి, గుండె మీది బరువు దిగినట్టు నవ్వింది. తన ఊరు రాగానే దిగి, బస్సు కదిలేదాకా చేయి ఊపింది.

ఇప్పుడు మా వాడలో గంపలూ లేవు, కోళ్లూ లేవు. ఆదివారం పొద్దున దుకాణం ముందు నిలబడితే కోసి కవర్లో పెట్టి ఇస్తారు. ఒకరి కోడిని ఇంకొకరు తమ గంపలో జాగా చేసి మరీ దాచిన రోజులుండేవంటే మా మనవరాలు నమ్మదు.

మీకూ చిన్నప్పటి దోస్తుకు చెప్పకుండా మిగిలిపోయిన మాట ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి, కూర్చుని చదువుతాను. నేనైతే ముక్కూ మొహం తెలియని మీ అందరికీ చెప్పేశాను... కొమురమ్మ ఒక్కదానికే చెప్పలేకపోయాను.