బండి ఆపకుండా బ్యాటరీ వెతికిన రోజు

డబ్బాలన్నీ వ్యాన్‌లోకి ఎక్కించి తాళం తిప్పితే ఇంజను ఒక్కసారి మూలిగి ఊరుకుంది. బేగంపేటలో కొన్ని ఆఫీసులకు మధ్యాహ్న భోజనాలు పంపడం నా వ్యాపారం. వంటా నేనే, డ్రైవింగూ నేనే. చిలకలగూడలో మా వీధి చివర షెడ్డున్న మెకానిక్‌ను పిలిచాను. నా డీజిల్ వ్యాన్‌ను మొదటినుంచీ చూసేది ఆయనే.

"బ్యాటరీ ఖతమైంది అక్కా."

"లైట్లు వెలుగుతున్నయ్ గదా భాయ్?"

"లైట్లకు జెర కరెంటు చాలు. డీజిల్ ఇంజన్ తిప్పాలంటే దమ్ము గావాలె. స్టేషన్ దగ్గర నా దోస్త్ స్పేర్ పార్ట్స్ దుకాణముంది, ఆడ తీస్కోండి. నేను ఫోన్ చేస్తా."

ఆ చివరి మాట దగ్గర, ఇందులో ఈయనకేదో కమీషనుందేమోనని నాకు తట్టింది. మొన్న క్లచ్ ప్లేట్లు కూడా ఆ దోస్తు దగ్గరే కొనిపించాడు. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం ఆయన ఫోను తీయబోతుంటే "వద్దులే, నేను చూసుకుంటా" అన్నాను. ఆయన నన్నొకసారి చూసి, షెడ్డులోని బ్యాటరీ తెచ్చి, వైర్లు తగిలించి వ్యాన్ స్టార్ట్ చేశాడు. "బంద్ చేయకండి. చేస్తే మళ్ల లేవదు."

బేగంపేటలో ఇంజను ఆపకుండానే డబ్బాలు దించాను. "పొగ లోపలికొస్తుందమ్మా" అని వాచ్‌మన్ అరుస్తూనే ఉన్నాడు. అట్నుంచి అటే ఏ.ఎస్. రావు నగర్‌కు పోనిచ్చాను. నన్నూ, నా మెకానిక్‌నూ ఎవరూ ఎరగని చోట కొనాలని నా పట్టుదల.

రోడ్డు పక్కనే ఒక బ్యాటరీల దుకాణం కనబడింది. బయట తాళంతో సహా నడుస్తున్న బండి ఎవరెత్తుకుపోతారోనని ఒక కన్ను దాని మీదే ఉంచి, గడపలోనే నిలబడ్డాను. యజమాని ఒక బ్యాటరీ తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు.

"ఫ్రెష్ పీస్ మేడం. మీ వ్యాన్‌కు ఇదే."

పైన వైర్లు తగిలించే సీసం మొనల మీద గీతలున్నాయి. ఎక్కడో బిగించి, విప్పినట్టుగా.

"కొత్తదానికి ఈ గీతలేంది?"

"టెస్టింగ్ చేసినం."

"తయారైన నెల ఎక్కడుంది?"

స్టిక్కర్ సగం చిరిగి ఉంది. "అది పోతే ఏంది మేడం, గ్యారంటీ నేనిస్త గద" అంటూనే పానా తీసుకుని నా బండి వైపు నడిచాడు. "ముందుగాల మీ పాతది ఇప్పేద్దాం."

"చెయ్యి పెట్టకు!" అన్నాను. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. బండెక్కి వచ్చేశాను. నా పాత బ్యాటరీ నిజానికి బాగానే ఉందేమో, అందుకే అందరికీ దాని మీద కన్నేమో అని దారి పొడవునా అనుమానమే.

నేరుగా మెకానిక్ షెడ్డు ముందే నిలిపి, ఇంజను ఆపకుండా సీట్లోంచే అడిగాను. "ఆ స్టేషన్ కాడి దుకాణపాయన నీకేమన్నా కమీషన్ ఇస్తడా?"

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. "ఇస్తడు" అన్నాడు.

కాదంటాడనుకుని, దానికి జవాబు సిద్ధం చేసుకుని వచ్చాను.

"మరి చెప్పలేదేంది?"

"మీరెప్పుడు అడగలే. ఖరాబ్ మాల్ ఇప్పిస్తే తక్లీఫ్ నాకే గదక్కా. పొద్దుగాల్నే మీరు పిలిచేది నన్నే."

ఆ మాట నాకు నచ్చింది. అంత బాగా నచ్చినందుకే మళ్లీ అనుమానమొచ్చింది. అయినా ఆయన్ను ఎక్కించుకుని స్టేషన్ దగ్గరి దుకాణానికి వెళ్లాను.

దుకాణదారు పాత బ్యాటరీకి మీటరు పెట్టి బటన్ నొక్కగానే ముల్లు సున్నా వైపు పడిపోయింది. "మీటరే ఖరాబేమో" అన్నాను. ఆయన ముఖం మాడ్చుకుని, బయట ఆగి ఉన్న ట్రాలీ ఆటో బ్యాటరీకి అదే మీటరు పెట్టాడు. ముల్లు నిటారుగా నిలబడింది. కొత్తది తెప్పించి, తయారైన నెల చదివి, సీసం మొనల మీద వేలితో రాసి చూశాను. నున్నగా ఉన్నాయి.

రెండూ పక్కపక్కన పెడితే పాతది చిన్నది. "ఇది పెట్రోల్ కారుకు పెట్టేది. డీజిల్ బండికి ఎవరు పెట్టిన్రు?" అన్నాడు దుకాణదారు. నేను మెకానిక్ వైపు చూశాను.

"నేను ఊర్ల లేనప్పుడు మీ తమ్ముడు తెచ్చిండక్కా" అన్నాడాయన, నెమ్మదిగా.

అక్కడినుంచే తమ్ముడికి ఫోన్ చేశాను. "బ్యాటరీ ట్రేల సరిగ్గ పట్టింది, బండి సుత స్టార్టయింది. ఇంకేం చూడాలె అక్కా?" అన్నాడు, అమాయకంగా. పొద్దుటినుంచి కనబడ్డవాళ్లందరినీ అనుమానించాను. వీడు మాత్రం నా తలపులోకే రాలేదు. తిడదామని నోరు తెరిచి, "సరేలే, అన్నం తిన్నవా?" అని పెట్టేశాను.

ఆ తర్వాత టైర్లు మార్చాల్సి వచ్చింది. దుకాణం ఎక్కడో చెప్పేముందే మెకానిక్ అన్నాడు, "ఈ టైర్ల దుకాణపాయన సుత నాకు కమీషన్ ఇస్తడక్కా. ఇష్టం లేకుంటే వేరేకాడ చూస్కోండి." నేను అక్కడికే వెళ్లాను. వంగి, నాలుగు టైర్ల మీదా తయారీ తేదీ ముద్ర చదివాకే బిగించనిచ్చాను. ఆయన పక్కన నిలబడి, నేను చదవడం అయ్యేదాకా ఆగాడు.