మధ్యలో పడిన షటిల్

డబుల్స్ ఆడేవాళ్ళకి అన్నిటికంటే ముందు ఒక సంగతి తేలాలి. ఇద్దరి మధ్యలోకి వచ్చే షటిల్ ఎవరిది? మా జంటలో అది అతనిది. అతను ఎడమచేతి వాటం, సముద్రం మీద వేటాడే కుటుంబం. నేను స్టీల్‌ప్లాంట్ క్వార్టర్లలో పెరిగినవాణ్ణి. మా నాన్న గోదావరి నుంచి ఉద్యోగానికి ఇక్కడికొచ్చారు. పన్నెండేళ్ళప్పుడు కోచ్ మా ఇద్దర్నీ ఒక కోర్టులో నిలబెట్టాడు. పదిహేనేళ్ళు అలాగే నిలబడ్డాం. చుట్టరికం లేకపోయినా ఒకర్నొకరం బావా అనే పిలుచుకున్నాం.

మాకొక అలవాటుండేది. ఒకడు పాయింటు పోగొడితే రెండోవాడు చెయ్యెత్తి "నాదే బావా" అనాలి. తప్పు చేసినవాడు తల దించుకోకూడదని మేమే పెట్టుకున్న పద్ధతి. నాకసలే ముక్కు మీద కోపం, రాకెట్లు విరగ్గొట్టిన ఘనత కూడా ఉంది. అలాంటి నేను అతని మీద ఒక్కసారీ నోరు పారేసుకోలేదంటే ఆ రెండు ముక్కల పుణ్యమే.

ఆ టోర్నమెంటు వేరే ఊళ్ళో జరిగింది. పేరుకి అంతర్జాతీయం, చూడ్డానికి పాతికమంది కూడా రాలేదు. మొదటి రౌండులో తగిలిన జంట మా ముందు ఏపాటీ కాదు. అయినా మొదటి గేమ్ ఓడాం. మధ్యలోకి వచ్చిన షటిళ్ళని అతను వదిలేస్తున్నాడు, మొత్తం ఐదు. ఐదుసార్లూ నేను చెయ్యెత్తి "నాదే బావా" అన్నాను. చివరిసారి అతను నా వంక చూడలేదు. పాపం, మోకాలు మళ్ళీ నొప్పెడుతోంది కాబోలనుకున్నాను, వెర్రివెధవని. తర్వాతి రెండు గేములూ చితక్కొట్టి మ్యాచ్ గెలిచాం. ఆ సాయంత్రం బిర్యానీ నేనే తినిపించాను.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనెంత?

రెండు నెలలకి విచారణకి రమ్మని బ్యాడ్మింటన్ సంఘం నుంచి కబురొచ్చింది. మేం ఆ మొదటి గేమ్ ఓడతామని ఎవరో పందేలు కాశారట. విచారణకి ముందు రోజు అతన్ని బీచ్ రోడ్డు గట్టు మీద కూర్చోబెట్టి నిలదీశాను.

"ఒక్క గేమే ఒగ్గీమన్నారు బావా. మ్యాచ్ మనమే గెలిసినాం కదా, ఎవులికేటి నట్టం?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాకురా నష్టం. నీ కోసం ఐదుసార్లు చెయ్యెత్తాను," అన్నాను.

అతను మోకాలు తడుముకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "మోకాలికి ఆపరేసన్ సెయ్యాలన్నాడు డాక్టరు. ఆ డబ్బులకే ఒప్పుకున్నాను. నీకు సెప్తే ఇంకో పార్టనర్ని సూసుకుంటావని బయమేసింది," అన్నాడు.

నన్ను పోగొట్టుకోకూడదని చేశాడా పని. తిడదామని వచ్చినవాణ్ణి, తిట్టడానికి నోరు రాలేదు. నేరం రుజువైతే అతనికి ఏళ్ళ తరబడి ఆట ఉండదు. కప్పిపుచ్చితే నాకూ అదే గతి. ఇద్దరికీ తెలుసు.

"రేపేటి సెప్తావు?" అన్నాడు. నేను లేచి బస్సెక్కాను.

మర్నాడు ఇండోర్ స్టేడియం ఆఫీసు గదిలోకి ముందు అతన్ని పిలిచారు, తర్వాత నన్ను. లోపల ఇద్దరు అధికారులున్నారు. ల్యాప్‌టాప్‌లో ఆ ఐదు పాయింట్లూ వేసి చూపించారు. ఐదుసార్లూ చెయ్యెత్తి నవ్వుతున్నాను. చూసినవాడెవడైనా ఇద్దరూ కూడబలుక్కున్నారనే అంటాడు.

"ఈ షటిల్ ఎవరిది?" అని అడిగాడు పెద్దాయన.

పదిహేనేళ్ళుగా అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. మా నాన్న మొహం గుర్తొచ్చింది. స్పోర్ట్స్ కోటాలో నాకొచ్చిన ఉద్యోగం గుర్తొచ్చింది. నిజం చెప్పాలన్నది కూడా గుర్తొచ్చింది, అన్నిటికంటే ఆఖరున.

"అతనిది," అన్నాను.

పెద్దాయన రాసుకుంటూ, "ఆయనా అదే చెప్పారు. మీకేమీ తెలియదట. అంతా తనదేనని ఒప్పుకున్నారు," అన్నాడు.

నాకంటే ముందే నన్ను బయటపడేసి వెళ్ళాడు. నేను బయటికొచ్చేసరికి అతను లేడు. నిజాయితీపరుడివని కోచ్ నా భుజం తట్టాడు. ఆ చెయ్యి విదిలించుకుని బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

అతని మీద నిషేధం పడింది. ఇప్పుడు వాళ్ళన్న బోటు మీద వేటకి వెళుతున్నాడు. ధైర్యం కూడగట్టుకుని ఫిషింగ్ హార్బరుకి వెళ్ళడానికి నాకు ఏడాది పట్టింది. ఎడమచేత్తో గబగబా చేపలు ఏరి బుట్టల్లో వేస్తున్నాడు. ఆపరేషన్ చేయించుకోనేలేదు, కుంటుతున్నాడు. నన్ను చూసి టీ తెప్పించాడు. మా అమ్మ ఎలా ఉందని అడిగాడు. ఆట ఊసు ఇద్దరం ఎత్తలేదు.

లేచి వెళ్ళబోతూ ఉండబట్టలేక చెయ్యెత్తాను. "నాదే బావా," అన్నాను.

అతను బుట్ట కింద పెట్టి దగ్గరికొచ్చాడు. నా చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించాడు.

"కాదులే బావా," అన్నాడు. "ఎల్లు, బస్సెల్లిపోతాది."