అన్ని రాళ్ళకీ ఎరుపే

ఇప్పటికీ ఆ పట్టిక గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. మా గైడు మీద కొంత, నా మీద అంతకు రెట్టింపు.

పీహెచ్‌డీకి నేను ఎంచుకున్నవి లైకెన్లు. బిర్యానీలో వేసే రాతిపువ్వు లాంటివని చెబితేగాని మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వారు. తునిలో బస్సు దిగి, ఆటో పట్టుకుని, సముద్రం ఒడ్డున నిటారుగా నిలబడ్డ రాళ్ళగుట్టకు రెండేళ్ళు తిరిగాను. గుట్ట పైనా, కింద కెరటాల తుంపర తగిలే చోటా ఒకే బూడిదరంగు లైకెన్. ఆకారంలో వెంట్రుకవాసి తేడా లేదు. కానీ కాస్టిక్ పొటాష్ చుక్క వేస్తే పైవి పచ్చబడి, కాసేపటికి ఎర్రబడేవి. కిందివి ఉలకవు, పలకవు. లోపలి రసాయనమే వేరన్నమాట.

నమ్మలేక మళ్ళీ మళ్ళీ వేశాను. అక్కడ చేపలు ఎండబెట్టుకునే ఒక పెద్దావిడ నా అవస్థ చూసి దగ్గరికొచ్చింది. గంగమ్మ పండగకు ముందు వాళ్ళ ఆడవాళ్ళు గుట్టరాళ్ళ మీద సున్నపునీళ్ళు చల్లుతారట. ఎర్రబడిన రాయిని అమ్మవారిగా ఎంచి కుంకుమ పెడతారట.

"కింద రాళ్ళకి ఎంత సున్నం చల్లినా ఎర్రబడవండి. అందుకే అమ్మవారి కోసం పైకే ఎక్కుతాం," అంది.

గంతులేస్తూ పట్టిక రాసుకెళ్ళి సారుకు చూపించాను. పైవాటికి ఎరుపు, కిందివాటికి మార్పు లేదు. మందు పాతదై ఉంటుందన్నారు. అప్పటికప్పుడు కలిపిందేనన్నాను. అంతటితో ఊరుకోకుండా పెద్దావిడ మాట కూడా చెప్పాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

"రేపు ఎగ్జామినర్ ముందు చేపలావిడ వచ్చి సాక్ష్యం చెబుతుందా? ఒకే రకానికి రెండు జవాబులేంటమ్మా? సరిచేసి పట్టుకురా," అన్నారు.

ఆయన సంతకం లేకపోతే థీసిస్ లేదు, థీసిస్ లేకపోతే ఉద్యోగం లేదు. హాస్టల్ గదిలో కూర్చుని కింది రాళ్ళ గడులన్నిటిలో ఎరుపని రాశాను. రాసేసి హాయిగా నిద్రపోయాను. అది తలచుకుంటేనే నాకు ఎక్కువ కోపం.

డిగ్రీ వచ్చింది. సారు ఆ రోజు శాలువా కూడా కప్పించుకున్నారు. నాకు కాలేజీలో ఉద్యోగం దొరికింది.

మొన్న నా దగ్గర ప్రాజెక్టు చేస్తున్న అమ్మాయి అదే గుట్టకు వెళ్ళొచ్చింది. ఆమె పట్టికలో అన్ని రాళ్ళకీ ఎరుపే. కిందివి నిజంగా ఎర్రబడ్డాయా అని అడిగాను. తల దించుకుంది.

"లేదు మేడం. ఎన్నిసార్లు వేసినా రంగు రాలేదు. మీ థీసిస్‌లో ఎరుపని ఉంది కదా, నాకే చేతకాలేదనుకుని మార్చేశాను."

కేకలెయ్యబోయి ఆగిపోయాను. కాగితం మీద అబద్ధం రాసింది నేనేనని, ఆమె కళ్ళతో చూసిందే నిజమని విడమరచి చెప్పాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది.

"నేను బాధపడకూడదని అలా అంటున్నారు కదా మేడం," అంది.