పైపుకు కట్టిన తీగ

బుర్మకాన్ ఎజె ఏ వస్తువునైనా ముందు చేతి వెనకవైపుతో తాకుతుంది. టీ కెటిలైనా, తలుపు గొళ్లెమైనా, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురైనా అంతే. మా దగ్గర అక్కను ఎజె అంటాం. ఆమెకు అరవై మూడేళ్లు, ఊరందరికీ ఎజే. ఆ అలవాటు చూసి కొత్త కోడళ్లు కొంగు చాటున నవ్వుకుంటారు. నేను నవ్వను. దాని కారణం ఆమె నాకొకసారి చెప్పింది.

పెళ్లికి ముందు ఆమె నగరంలో రేడియోల ఫ్యాక్టరీలో టంకం పెట్టే పని చేసేది. పక్క బల్ల దగ్గర కూర్చునే సైరా అనే పిల్ల ఒకనాడు ఒక ఇనుప పెట్టెను జరపబోయి అరచేత్తో పట్టుకుంది. ఆ పెట్టెలోకి కరెంటు దిగి ఉంది.

"గుప్పిట మూసుకుపోయిందమ్మా. వదులుదామన్నా కరెంటు వదలనివ్వదు. నోట మాట లేదు, కళ్లు మాత్రం నన్నే చూస్తున్నాయి," అని చెప్పింది ఎజె. చేతి వెనకవైపుతో తాకితే, కరెంటు ఉంటే చెయ్యి తనంతట తనే వెనక్కి పోతుందట. అప్పటినుంచీ ఆమెకు అదే అలవాటు, భయమూ అప్పటినుంచే.

భయపడుతూనే నలభై ఏళ్లు తీగలతో పని చేసింది. నరీన్ లోయలోని మా ఊరికి కోడలిగా వచ్చాక ఇస్త్రీపెట్టె చెడినా, టీవీ ఆగినా ఆమె గుమ్మంలోకే తీసుకెళ్లేవాళ్లం. విప్పబోయే ముందు బిస్మిల్లా అని, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకునేది. రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా పోతుందని. ఆవు ఈనిన ఇంటివాళ్లు జున్నుపాలు పంపితే, సగం పక్కనే ఉన్న మా ఇంటికొచ్చేవి.

ఆమె భర్త కల్దీబెక్ ట్రాక్టరు నడిపేవాడు, పండగలకు క్లబ్బులో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. ఆయన పోయి ఆరేళ్లు. నలభయ్యో రోజున ఆయన పేర భోజనాలు పెట్టాక ఎజె ఆ గిటారును మినీబస్సు నడిపే మేదెర్ చేతికిచ్చింది. "బీరువాలో ఉంటే బూజు పడుతుంది. వాయించు, ఆయనకు పుణ్యం," అంది.

పోయిన నూరుజ్, అంటే మా వసంతపు కొత్త సంవత్సరం పండగనాటి పొద్దున, తొమ్మిదింటికి, క్లబ్బులో నా గ్రంథాలయం గది ఊడుస్తుంటే వేదిక మీదనుంచి గుయ్యిమని మోత వచ్చింది. వెళ్లి చూస్తే మేదెర్ గిటారు పట్టుకుని తల గోక్కుంటున్నాడు. పన్నెండింటికి కచేరీ. ఎజెను పిలుచుకొచ్చాను.

"ఎజె, కల్దీబెక్ అన్న ఇందులో కూర్చుని సణుగుతున్నాడు. నా వాయింపు నచ్చలేదు కాబోలు," అన్నాడు మేదెర్.

"బతికున్నప్పుడే సణగని మనిషి, ఇప్పుడు సణుగుతాడా? పక్కకు జరుగు."

ఆమె మొదట గిటారుకూ దాని శబ్దం పెంచే యాంపు పెట్టెకూ మధ్య ఉన్న తీగ మార్చింది. మోత అలాగే ఉంది. నాచేత ట్యూబులైట్లు ఆర్పించింది. రవ్వంత తగ్గింది, పోలేదు. గిటారును భుజాన వేసుకుని వీధికి అవతల తన ఇంటికి వెళ్లి, మూలనున్న చిన్న యాంపుకు పెట్టి చూసింది. నిద్రపోయే పిల్లంత నెమ్మదిగా ఉంది. "ఆయన గిటారులో దోషం లేదు," అంది తిరిగి వస్తూ. ఆ మాట అనడం ఆమెకు ఇష్టంగా ఉన్నట్టు తోచింది.

క్లబ్బులో పెట్టగానే మళ్లీ గుయ్యి.

"తీగల మీద చెయ్యేస్తే తగ్గుతుంది చూడండి. నేనంటే భయం దీనికి," అని మేదెర్ నవ్వాడు. "ఇంకో తమాషా చెప్పనా? మైకు నన్ను ముద్దు పెట్టుకుంటోంది. ఇందాక పాడబోతే పెదవి మీద చీమ కుట్టినట్టు చురుక్కుమంది."

ఎజె ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"గిటారు కింద పెట్టు."

"ఏమైంది?"

"కింద పెట్టరా!"

ఆమె ఎవరినీ అలా కసరడం నేనెప్పుడూ వినలేదు. మేదెర్ గిటారును కుర్చీ మీద పెట్టి, చేతులు పైకెత్తి వెనక్కి నడిచాడు.

ఆమె టెస్టర్ తీసి గిటారు తీగకు ఆనించింది. లోపల ఎర్రగా వెలిగింది. ఇంతసేపూ ఆ తీగల మీదే కదా అతని చెయ్యి ఉన్నది.

అంతలో మోత ఆగిపోయింది. ఎవరం ఏదీ ముట్టుకోలేదు. టెస్టర్ కూడా ఆరిపోయింది. ఎజె తల తిప్పి, వంటగదిలో టీ కాస్తున్న ఆవిడకు వినబడేలా కేకేసింది: "అనార్కుల్! ఇప్పుడేం చేశావు?"

"ఏం చెయ్యలేదు ఎజె! టీ నీళ్లు కాచే కరెంటు డ్రమ్ము ఆపాను, నీళ్లు పొయ్యాలని," అని అనార్కుల్ కడవతో వచ్చి నిలబడింది. "నా డ్రమ్ము కూడా పాడుతుందా ఏంటి, దాని మీద కోప్పడుతున్నారు?"

"మళ్లీ వెయ్యి. డ్రమ్మును మాత్రం ముట్టుకోకు."

వేసింది. వేదిక మీద గుయ్యి మొదలైంది.

ఎజె వంటగదిలోకి వెళ్లి చూసింది. డ్రమ్ముకు కట్టిన ఎర్తు తీగ వేడినీళ్లతో గదులు వెచ్చబెట్టే ఇనుప పైపుకు చుట్టి ఉంది. వేదిక వెనక, యాంపు పెట్టె నుంచి వచ్చిన ఎర్తు తీగా అదే పైపుకు చుట్టి ఉంది. మా ఊళ్లో అందరూ అంతే. పైపు నేలలోకి పోతుంది కనుక కరెంటు కూడా నేలలోకి పోతుందని నమ్మకం. ఎజె పైపు వెంటే వంగి నడిచి గోడ మూలకు వెళ్లి ఆగింది. అక్కడ మూరెడు మేర పైపు తెల్లగా ఉంది. ప్లాస్టిక్.

"ఇదెప్పుడు వేశారు?"

క్లబ్బు పెద్ద జపార్ అప్పుడే లోపలికొచ్చాడు. "ఆకు రాలే కాలంలో పైపు పగిలితే వేయించాను. చుక్క కారడం లేదు చూడండి."

నీళ్లు పోతున్నాయి, కరెంటుకు మాత్రం దారి తెగింది. డ్రమ్ము కాయిల్ దెబ్బతిని దాని ఒంట్లోకి దిగిన కరెంటు పైపులోకి, పైపునుంచి యాంపులోకి, అక్కడనుంచి గిటారు తీగల్లోకి వస్తోంది. తీగలు పట్టుకున్న మనిషి మైకుకు పెదవి ఆనిస్తే, అది అతని గుండె మీదుగా దారి చూసుకుంటుంది. పొద్దున చీమ కుట్టినట్టున్నది, కాయిల్ ఇంకాస్త చెడితే మధ్యాహ్నానికి ప్రాణం తీసేది.

"గుయ్యిమంటే గుయ్యిమననీ ఎజె," అన్నాడు జపార్. "జిల్లా అధికారులు వచ్చే వేళైంది. మా పాటలకన్నా అదే నయమంటారేమో."

ఎజె వేదిక వెనక్కి వెళ్లింది. పైపుకు చుట్టిన తీగనే చూస్తోంది. ఆ ముడి నాకూ తెలుసు. మూడు చుట్లు, మీద రాగి తునక, దాని మీద టంకం చుక్క. ఊళ్లో అలా కట్టేది ఒక్కరే. ఇరవై ఐదేళ్ల కింద కల్దీబెక్ గిటారు మోత పోవాలని కట్టింది ఆమే. అది చూసి బడిలో కట్టారు, ఆసుపత్రిలో కట్టారు, బట్టలుతికే యంత్రం కొన్న ప్రతి ఇంట్లో కట్టుకున్నారు.

కటింగ్ ప్లయర్‌తో ఆ తీగ తెంచి జేబులో వేసుకుంటే అడిగేవాళ్లెవరూ లేరు. నేనైనా చెప్పేదాన్ని కాదు.

"డ్రమ్ము తీగ పీకెయ్ అనార్కుల్," అంది. తర్వాత జపార్ వైపు తిరిగింది. "ఈ పైపుకు తీగ కట్టింది నేను, తమ్ముడూ. ఊరికి నేర్పిందీ నేనే. ఈ పిల్లాడికి ఏమన్నా అయ్యుంటే ఆ దేవుడికి నేనేం చెప్పుకోను?"

జపార్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "ప్లాస్టిక్ వేయించింది నేను," అన్నాడు మెల్లిగా. "ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి."

నేలలోకి ఇనుప కడ్డీ దిగగొట్టాలి. కానీ మార్చి నెలలో మా నేల ఇంకా మంచుకు గడ్డకట్టి రాయే. మేదెర్ పెరట్లో గునపం వేస్తే నిప్పురవ్వలు లేచాయి, గునపం దిగలేదు. రెండోచోటా అంతే. అప్పుడు పండగకు మొలకెత్తిన గోధుమలతో చేసే సుమొలోక్ జావను ఆ పెరట్లోనే రాత్రంతా కలిపి, అప్పుడే దించిన ఆడవాళ్లలో ఒకావిడ, "ఇక్కడ కొట్టండి, మా పొయ్యి కింద మెత్తగా ఉంటుంది," అంది. నలుగురు కలిసి పొయ్యి రాళ్లు జరిపారు. బూడిద కింద మట్టి వెచ్చగా, తడిగా ఉంది. గునపం రొట్టెలోకి దిగినట్టు నడుము లోతు దిగింది. ఎజె చుట్టూ ఉప్పునీళ్లు పోయించి, పైపుకున్న తీగలు విప్పేసి, కిటికీలోంచి కొత్త తీగ లాగి యాంపునూ మైకు పెట్టెనూ గునపానికి కట్టింది.

టెస్టర్ వెలగలేదు. అయినా ఆమె మేదెర్‌ను రానివ్వలేదు.

"ముందు నేను."

"టెస్టర్ చెప్పింది కదా ఎజె!"

"సైరా పెట్టెకూ ఏమీ లేదనే చెప్పారు."

కుడి చేతి వెనకవైపును గిటారు తీగల మీదికి తెచ్చింది. మెటికలు తెల్లబడ్డాయి. ఆనించింది. జేబులోనుంచి ఎడమ చెయ్యి తీసింది. కరెంటు చూసేటప్పుడు ఆ చెయ్యి బయటికి రావడం నేను చూడటం అదే మొదటిసారి. దాని వెనకవైపును మైకుకు ఆనించింది. నేను కళ్లు మూసుకుని దువా చదువుకున్నాను. తెరిచేసరికి ఆమె అలాగే నిలబడి ఉంది, చెంపల మీద నీళ్లు.

యాంపులోంచి ఇంకా సన్నగా జుమ్మంటోంది. "అది పోలేదే?" అన్నాడు జపార్.

"అది గిటారు ఊపిరి. ఉండనీ."

పన్నెండింటికి, జనం నిండాక, ఆ మైకులోనే ఎజె చెప్పింది: "పైపుకు తీగ కట్టిన ఇళ్లవాళ్లు ఇవాళే విప్పండి. తప్పు నాది. గునపం దింపుకోవడానికి నేనొస్తాను." వెనక వరసలోనుంచి ఒక ముసలాయన, "మా ఇంటికి రేపు రా అమ్మా, పొయ్యి వేసి నేల వెచ్చబెట్టి ఉంచుతాను," అన్నాడు.

మేదెర్ పాడాడు. ఎజె వినలేదు. వేదిక పక్క మెయిన్ స్విచ్ పిడి మీద కుడి చెయ్యి వేసి, ఎడమ చెయ్యి జేబులో పెట్టి, అతని పెదవులనే చూస్తూ చివరి పాటదాకా నిలబడింది. అనార్కుల్ గిన్నెలో సుమొలోక్ తెచ్చింది. తీసుకోవడానికి ఎజెకు చెయ్యి ఖాళీ లేదని చూసి, పక్కన నిలబడి, చెంచాతో ఊది ఊది తినిపించింది.