ఐ డోంట్ కేర్ అన్న అత్తగారు

పళ్ల డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుని పేషెంట్లను పేరుపేరునా లోపలికి పంపే ఆవిడకు తన మాట మీద గట్టి నమ్మకం. ఏడ్చే పిల్లలకు చేపల తొట్టి చూపించి మరిపించేది. లోపలి మిషను చప్పుడు విని లేచి పారిపోబోయే పెద్దమనుషులను మాటల్లో పెట్టి కూర్చోబెట్టేది. వ్యవహారమంతా తెలుగులో నడిచినన్నాళ్లూ ఆవిడకు తిరుగులేదు. అంతలో పక్క వీధిలో ఏదో పెద్ద కంపెనీ తెరిచారు. అందులో పనిచేసే పరదేశాలవాళ్లకూ పళ్లుంటాయి కదా, వాళ్లూ చెంపలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు.

"వచ్చినంత మాట్లాడండి ఆంటీ, అదే అలవాటవుతుంది" అంది డాక్టరమ్మ. అలా అన్నందుకు తర్వాత చాలాసార్లు నాలిక కరుచుకుందట.

మొదటివారంలోనే చెంప బంతిలా వాచిన ఒకాయన వచ్చి, ఆవిడ పక్కనున్న కుర్చీ చూసి, "డూ యూ మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?" అన్నాడు. సిట్ అన్న ముక్క ఆవిడకు తెలుసు. "యెస్! యెస్!" అంది మహా ఉత్సాహంగా. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు. ఆడవాళ్ల పక్కన కూర్చోనంత మర్యాదస్తుడు కాబోలని ఆవిడ మురిసిపోయింది. కాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చి సంగతి కనుక్కుంటే తేలిందేమిటంటే, కూర్చుంటే మీకేమైనా అభ్యంతరమా అని ఆయన అడిగితే, ఉంది ఉంది అని ఈవిడ సెలవిచ్చింది.

తన పరువు తనే తీసుకుని అందరికీ పంచిపెట్టడం ఆవిడ స్వభావం. ఇంటికెళ్లగానే కోడలితో, "మీ అత్తగారు ఇవాళ ఒక వాచిన చెంపని గోడకి నిలబెట్టిందమ్మాయ్" అని చెప్పి ముందు తనే నవ్వింది. కోడలు విమానం టిక్కెట్లు అమ్మే ఆఫీసులో పనిచేస్తుంది, ఇంగ్లీషు బాగా వచ్చు. "ఇకనుంచి మనిద్దరం ఫోన్లో ఇంగ్లీషులోనే రాసుకుందాం అత్తయ్యా. తప్పులుంటే నేను దిద్దుతా. ఫర్వాలేదు అనాలంటే ఐ డోంట్ మైండ్ అనండి చాలు" అంది.

అయితే ఆ వాచిన చెంపాయన పుణ్యమా అని మైండ్ అన్న మాటంటేనే ఆవిడకు హడలు పట్టుకుంది. దాని బదులు టీవీలో విన్న ఇంకో మాట నచ్చింది. కేర్ అంటే పట్టించుకోవడం. కాబట్టి ఐ డోంట్ కేర్ అంటే నాకు పట్టింపుల్లేవు అని అర్థం చెప్పుకుంది. తన తెలివికి తనే ముచ్చటపడింది.

ఒకరోజు క్లినిక్‌లో ఉండగా కోడలి మెసేజ్ వచ్చింది. వాళ్లమ్మకు కడుపులో రాళ్లు తీస్తారట, కొన్నాళ్లు వెళ్లి దగ్గరుండనా, ఇక్కడ మీకు ఇబ్బందా అని. ఆవిడ మనసు కరిగిపోయింది. నాకేం పట్టింపు లేదు, నువ్వక్కడుండడమే మంచిది అని చెప్పాలనుకుని, ఒక్కో అక్షరం వెతికి మరీ నొక్కింది: "ఐ డోంట్ కేర్. యూ హ్యాడ్ బెటర్ స్టే దేర్."

కాసేపటికి జవాబొచ్చింది. "థాంక్స్ ఎ లాట్."

"చూశావా, ఉత్త థాంక్స్ కాదు, బోలెడన్ని థాంక్సులు!" అని నర్సమ్మాయికి చూపించింది. ఇంగ్లీషులో ఈవిడకు చెల్లెలయ్యే ఆ పిల్ల, "మీరు చాలా మంచి అత్తగారు ఆంటీ" అని సర్టిఫికెట్ ఇచ్చేసింది.

సాయంత్రం కోడలు బ్యాగు సర్దుకుంది. గడప దగ్గర వెళ్లొస్తా అనలేదు, "వెళ్తున్నాను" అంది. ఆ తేడా ఆవిడ చెవిలో ముల్లులా దిగింది. కానీ తల్లికి ఆపరేషన్ కదా, దిగులుతో అన్నదిలే అని సరిపెట్టుకుంది. తర్వాత ఎన్ని మెసేజ్‌లు పెట్టినా పలుకు లేదు. కొడుకునడిగితే, "హాస్పిటల్ హడావిడిలో ఉంటుందిలేమ్మా" అన్నాడు.

అలా ఉండగా ఒక పరదేశీ పేషెంటు ఆలస్యంగా పరుగెత్తుకొచ్చి సారీ చెప్పింది. ఈవిడ నిండుగా నవ్వి, "ఐ డోంట్ కేర్" అంది. ఆ పేషెంటు ముఖం మాడిపోయింది. లోపలినుంచి విన్న డాక్టరమ్మ ఈవిడను గదిలోకి పిలిచింది.

"ఆంటీ, ఇప్పుడామెతో ఏమన్నారు?"

"పట్టింపు లేదన్నాను."

"మీరన్నది, నువ్వొస్తే నాకేంటి రాకపోతే నాకేంటి అని!"

ఆవిడకు కోడలికి పెట్టిన మెసేజ్ గుర్తొచ్చింది. ఫోన్ తీసి కోడలి మెసేజ్‌లు డాక్టరమ్మ ముందు పెట్టింది. డాక్టరమ్మ చదివి నోటిమీద చెయ్యేసుకుంది. "రెండో ముక్క ఇంకా దారుణం ఆంటీ. హ్యాడ్ బెటర్ అంటే బెదిరింపులా ఉంటుంది. అక్కడే పడుండు, లేకపోతే చూసుకో అన్నట్టు."

"మరి ఆ బోలెడు థాంక్సులు?"

"అది వెటకారం ఆంటీ."

"అయ్యో, అది మా తమ్ముడిక్కూడా పంపానే!"

సెలవడిగి కోడలి పుట్టింటికి బస్సెక్కింది. ఫోన్లో చెప్పచ్చు గానీ, తన నోటిని నమ్మే స్థితిలో లేదు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసిన వియ్యపురాలు లోపల మంచం మీదుంది. తలుపు తీసిన కోడలు "రండి" అంది, ముక్తసరిగా.

"అమ్మాయ్, ముందు నన్ను తిట్టు. తర్వాత విను" అని గుమ్మంలోనే మొదలుపెట్టి కేర్ సంగతి, పట్టింపుల సంగతి, ఆ థాంక్సులు తమ్ముడికి పంపిన సంగతి అంతా చెప్పింది. కోడలు కళ్లు తుడుచుకుంటూ వింది.

"దిద్దుతానన్నావు కదే, మరి దిద్దలేదేం?"

"తప్పనుకోలేదు అత్తయ్యా. నిజమనుకున్నా. మీరెప్పుడూ నవ్వుతూనే ఉంటారు కదా, లోపలున్నది ఇదా అనిపించింది. ఆయనకి కూడా చెప్పలేదు. మీ అమ్మ ఇలా అందని ఏ ముఖంతో చెప్పను?"

అన్నిటికీ నవ్వే ఆవిడకు ఈసారి నవ్వు రాలేదు. ఇన్నాళ్లూ తన మీద తను వేసుకున్న జోకుల్లో, కోడలితో మనసు విప్పి చెప్పిన మాట ఒక్కటైనా ఉందా అని వెతుక్కుంది. చప్పున తట్టలేదు. "నువ్వు లేకపోతే ఇల్లు బోసిగా ఉందే" అంది చివరికి. అంతకంటే చెప్పడం చేతకాలేదు. కోడలు వచ్చి చెయ్యి పట్టుకుంది.

"వదినగారూ, ఇంతకీ ఆ థాంక్సులు చూసి మీ తమ్ముడుగారేమన్నారు?" అంది లోపలినుంచి వియ్యపురాలు, అంతా వింటూనే ఉంది కాబోలు.

"ఫ్రేము కట్టించమన్నాడు వదినగారూ."

"అబ్బ, నవ్వించకండి, కుట్లు లాగుతున్నాయి!"

ఆ రోజు వంటింట్లో గిన్నెలన్నీ తోమి, వియ్యపురాలికి జావ కాచి ఇచ్చిగానీ ఆవిడ బస్సెక్కలేదు. అప్పటినుంచి అత్తాకోడళ్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. పాలు, ఉల్లిపాయలు, గ్యాసు బండ ఇంగ్లీషులో. మనుషుల సంగతులు తెలుగులో. క్లినిక్‌లో మాత్రం ఆవిడ వెనక్కి తగ్గలేదు. కాకపోతే కొత్త మాట వాడబోయేముందు డాక్టరమ్మ గది తలుపు తట్టి, "ఇది మంచిదా, తిట్టా?" అని అడిగి వస్తోంది.