దుగ్గిరాల పెద్దాయన టిఫిన్

నెట్ సెంటర్‌లో కంప్యూటర్ ఖాళీ అయ్యేదాకా బెంచీ మీద కూర్చునే ఆ రోజుల్లో, పెద్దవాళ్లు రాసినదాన్ని కొట్టెయ్యకూడదనే మర్యాద మాకు కంప్యూటర్ కన్నా ముందే వచ్చింది. కంప్యూటర్ వచ్చాక కూడా అది పోలేదు.

నర్సింగు మూడో ఏడు. ట్రైనింగ్‌కి నన్ను తెనాలిలో, నా స్నేహితురాలిని బాపట్లలో, అక్కని రేపల్లెలో వేశారు. (అక్క అంటే తోడబుట్టింది కాదు, ఇద్దరు పిల్లలు పుట్టాక చదువుకొచ్చింది కనుక క్లాసంతటికీ అక్కే.) మా మేడం ముగ్గురికీ కలిపి ఒక రోగినిచ్చారు, కాగితం మీద: దుగ్గిరాల పసుపు యార్డులో పనిచేసే పెద్దాయన, షుగరు, కాలికి పుండు. ఎవరి ఊళ్లో వాళ్లుండి, ముగ్గురికీ ఒకటే అయిన ఈమెయిల్ ఖాతా తెరిచి, అందులోని డ్రాఫ్టులో ఆయన్ని ఎలా చూసుకోవాలో కలిసి ఒకే ప్లాన్ రాయాలి. అది సరిగా లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకి కూర్చోనివ్వరు. ఆ ఏడు తప్పితే నాన్న చదువు మాన్పిస్తాడని నాకు తెలుసు.

నేను టిఫిన్‌కి రెండిడ్లీ రాశాను. బాపట్ల పిల్ల నావి తీసెయ్యకుండా రెండు చపాతీలు చేర్చింది. అక్క ఒక గ్లాసు రాగిజావ పెట్టింది. అక్క రాసింది మేమెలా తీస్తాం? మావి తీస్తే చిన్నబుచ్చుకుంటామని అక్కా తీయలేదట. వారం తిరిగేసరికి ప్లాన్ బాగా పొడుగైంది. పొడుగైందనే సంతోషించాం.

శనివారం అందరం కాలేజీకొస్తే మేడం దాన్ని పైకి చదివారు. "ఏమ్మా, ఈయన్ని ఆస్పత్రిలో చేర్చారా, పెళ్లి బంతిలో కూర్చోబెట్టారా?" క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను (పరీక్ష సంగతి ఇంకా తట్టలేదు). మేడం పేజీ తిప్పి నవ్వు ఆపేశారు. "టిఫిన్‌కి ముందు ఇన్సులిన్. ముగ్గురూ విడివిడిగా రాశారు, అంటే మూడు డోసులు. కాగితం మీద ఉన్నాడు కాబట్టి బతికాడు."

అక్క లేచి నిలబడింది. "పెద్దదాన్ని నేనండి. చూసుకోవాల్సింది నేనే. వాళ్లని పరీక్షకి ఆపకండి."

"ఎవర్నీ ఆపను. ఇంకో వారం ఇస్తాను. ఒకళ్లది ఒకళ్లు కొట్టెయ్యండి. మొహమాటం మీది, ప్రాణం ఆయనది."

సోమవారం తెనాలి నెట్ సెంటర్‌లో కూర్చుని అక్కకి ఫోన్ చేశాను. "అక్కా, నీ జావ తీసేస్తున్నా, ఏమనుకోకు."

"ఏమనుకుంటానే! తియ్యి. నువ్వే తాగు."

చివరికి ఒక ఇన్సులిన్, ఒక టిఫిన్ మిగిలాయి. అక్క రాసిన ఒక మాట పుస్తకంలో ఎక్కడా లేదు: 'మందిచ్చాక కాసేపు పక్కన కూర్చుని ఆయన చెప్పేది వినాలి.' తీయబోతే బాపట్ల పిల్ల వద్దంది. మేడం దాని పక్కన టిక్కు పెట్టారు. పరీక్షకి కూర్చున్నాను, పాసయ్యాను. ఈ ఉద్యోగం, ఈ అన్నం అక్కడి నుంచే.

అక్క పోయి ఏడాది కావస్తోంది. చివర్లో రేపల్లె వెళ్లి పక్కన కూర్చుంటే, "ఏమే, నాకూ మూడు టిఫిన్లు రాశారా?" అంది. ఇప్పుడు ఆ పాఠం నేనే చెబుతున్నాను. పిల్లలు ఒకే ఫైలు తెరిచి ఒకళ్లది ఒకళ్లు చకచకా కొట్టేసుకుంటారు, చూస్తే ముచ్చటేస్తుంది. నమూనాగా ఇచ్చే మా పాత ప్లాన్‌లో అక్క వాక్యాన్ని ప్రతి ఏడూ ఎవరో ఒకరు తీసేస్తారు, "పుస్తకంలో లేదు మేడం" అని. వాళ్లు వెళ్లాక నేను మళ్లీ టైపు చేస్తాను. పెద్దవాళ్లు రాసింది కొట్టెయ్యడం నాకింకా పూర్తిగా రాలేదు.