‘ఊక’ ఆల్బమ్‌లో మా అక్క దగ్గు

మొన్న పొద్దుగూకే వేళ మా సందులోకి పెళ్లి బరాత్ వచ్చింది. సూర్యాపేటలో మా సందు ఎంత ఇరుకంటే, ఎదురింటివాళ్లు మిరపకాయలు వేయిస్తే మా ఇంట్లో తుమ్ములు మొదలవుతాయి. అలాంటి సందులోకి అంత పెద్ద డీజే బండిని ఎలా తోలుకొచ్చారో కానీ కిటికీ అద్దాలు, వంటింటి గిన్నెలు, గ్లాసులో నానబెట్టిన మా ఇంటాయన కట్టుడు పళ్లు అన్నీ కలిసి అదరడం మొదలుపెట్టాయి. తిట్టుకుంటూ కిటికీ రెక్క మూయబోయాను. అప్పుడే పాట మారింది. ముందు డప్పు దరువు, దాని వెనకే ఒక దగ్గు. రెండుసార్లు పొడిగా, తర్వాత ఊపిరి లాగిన చప్పుడు, మళ్లీ పొడుగ్గా ఇంకో దగ్గు. ఆ దగ్గుకు సరిగ్గా అడుగు కలిపి పిల్లలు చేతులెత్తి ఎగురుతున్నారు. పెళ్లికొడుకు కారు దిగి మరీ ఎగురుతున్నాడు. నా చెయ్యి కిటికీ రెక్క మీద అలాగే ఉండిపోయింది. ఆ దగ్గు మా అక్కది. ఆమె పోయి ఏడాది దాటింది.

మా అక్కది మిర్యాలగూడ. ఆ ఊరి పేరు చెబితే ఎవరికైనా బియ్యం గుర్తొస్తాయి, మాకు మాత్రం నుసి గుర్తొస్తుంది. ఆమె ఉండే కాలనీ వెనకే ఒక ఉప్పుడు బియ్యం మిల్లు. వడ్లు ఉడకబెట్టే బాయిలర్‌కు ఊకే వంటచెరకు. ఆ ఊక కాలిన నుసి పొగగొట్టంలోంచి లేచి, తొందరేమీ లేనట్టు తేలుతూ వచ్చి, కాలనీ మీద వాలేది. పెరుగు గిన్నె మీద మూత కాస్త పక్కకు జరిగిందా, మీగడ మీద ఆవాలు చల్లినట్టు ఉండేది. నేను బడి సెలవుల్లో తెల్లచీర కట్టుకుని వెళ్లినప్పుడల్లా అక్క గుమ్మంలోనే నవ్వేది. “ఇంతమంది పిల్లలకు సదువు చెప్తవ్, గీడికి తెల్లచీర కట్టుకోని రావొద్దని నీకెవరు చెప్పాలె?” అనేది. బావ పోయాక ఆమె ఆ మిల్లులోనే ఊడ్చే పనికి కుదిరింది. ఊక పోగుపడే చోట ముక్కుకు కొంగు చుట్టుకుని పొద్దంతా చీపురు పట్టడం, ఇంటికొచ్చి అదే గాలి పీల్చుకుంటూ వంట చేసుకోవడం. దగ్గు ఎప్పుడు మొదలైందో మాకెవరికీ గుర్తులేదు. ఇంట్లో ఫ్యాను చప్పుడులాగా అదీ అలవాటైపోయింది. చివరికి దవాఖానకు తీసుకుపోతే డాక్టరు “చుట్ట తాగుతవా అమ్మా?” అని అడిగాడు. “నేను తాగ సారూ, మిల్లు తాగుతది. పొగ నా ముక్కులకెల్లి వస్తది” అంది. డాక్టరు పగలబడి నవ్వి, ఊపిరితిత్తులు బాగా పాడయ్యాయని, ఆ పని మానెయ్యమని చెప్పాడు. మిల్లుకు పోయి ఆ మాట చెబితే మేనేజరు నవ్వలేదు. “దుమ్ము ఎవరింట్ల లేదమ్మా? దగ్గుకు మిల్లేం చేస్తది?” అని పంపించాడు.

అక్కకు ఒక్కతే బిడ్డ, నాకూ బిడ్డే. కోదాడలో డిగ్రీ చదివి, అక్కడే సెల్‌ఫోన్ల షోరూములో చేరింది. చిన్నప్పటి నుంచి దాని నోరు ఊరుకునేది కాదు. చర్చిలో పాస్టరుగారు ప్రసంగం మొదలుపెడితే ఇది వెనక బెంచీలో కూర్చుని ప్రశ్నలు వేసేది. ఆ నోటికి ఎక్కడ దొరికిందో ర్యాప్ దొరికింది. మొదటిసారి నా దగ్గర వినిపించినప్పుడు, ఇంత గబగబా చదివితే నేనైతే గోడకుర్చీ వేయించేదాన్నన్నాను. అక్క ఇంకా నయం, “పాటనా గిది? నల్లా కాడ కొట్లాడుతున్నట్టున్నది” అంది. కానీ రెండోసారి విన్నాక నేనే మళ్లీ పెట్టమన్నాను. కాలనీ పేరు వినగానే కిరాయికి ఇల్లు లేదనేవాళ్ల మీద ఒక పాట, ఓట్లప్పుడు వచ్చి ఓట్లవగానే పోయే రోడ్డు రోలరు మీద ఒకటి, మూసీ నల్లనీళ్లతో పండే వరి మీద ఒకటి. అన్నిటికంటే ముందు అక్క మీద పాట. “మీ పళ్లెంల తెల్లగ కనబడేది మా అమ్మ ఊపిరి” అని అందులో ఒక మాట ఉంది. తెలుగు టీచరుగా నా జన్మంతా పిల్లలకు పద్యాలకు అర్థాలు చెప్పాను కానీ, నేను తినే అన్నం ముందు అంతగా తడబడింది అప్పుడే.

ఆల్బమ్‌కు ‘ఊక’ అని పేరు పెట్టింది. కోదాడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే దాని స్నేహితుడి షాపులో, షట్టరు సగం దించి, గోడలకు బొంతలు కట్టి రికార్డు చేసుకున్నారు. మొదటి పాటకు అక్క దగ్గునే తాళంగా వాడాలన్నది మా బిడ్డ పట్టుదల. ఒక ఆదివారం అక్క పక్కన ఫోన్ పెట్టుకుని కూర్చుంది. మామూలుగా ఆపినా ఆగని దగ్గు, ఫోన్ చూడగానే సిగ్గుపడినట్టు రాలేదు. “రమ్మంటే వస్తదా బిడ్డా, జర ఊడ్వనియ్యి” అని అక్క లేచి వాకిలి ఊడ్చింది. అప్పుడొచ్చింది. అది చాలాసేపు వచ్చింది. నేను నీళ్లు పట్టుకుని నిలబడ్డాను, బిడ్డ ఫోన్ పట్టుకుని ఏడ్చింది.

దాని ఆశ ఒక్కటే. అర్జీలు ఇచ్చి ఇచ్చి విసిగిపోయి ఉంది. “పాట విని ఎవరికో ఒకరికి కోపం రావాలె చిన్నమ్మా. మిల్లోడు నా మీద కేసు పెట్టాలె. కేసైతే ఎంక్వైరీ అయితది. ఎంక్వైరీకి వచ్చినోళ్లు గొట్టం దిక్కు సూస్తరు, అమ్మ ఎక్స్‌రే సూస్తరు” అంది. తల్లికి ఇంకా ఊపిరి ఉండగానే మిల్లుకు ఆ నుసి పట్టే జల్లెడ ఏదో బిగింపించాలని దాని తాపత్రయం. కేసు పెడతారని, తెలిసిన వకీలుతో ముందే మాట్లాడుకుంది. బెదిరింపు ఫోన్లు వస్తే రికార్డు చేయడం ఎలాగో నేర్చుకుంది. తన్నులు తినడానికి కూడా సిద్ధపడింది. మెచ్చుకుంటే ఏం చేయాలో మాత్రం ఆలోచించుకోలేదు.

అందరూ మెచ్చుకున్నారు. నెట్‌లో పాట కింద వేలకొద్దీ మంటల బొమ్మలు పెట్టారు. ఒక వెబ్ పత్రికలో పెద్ద సమీక్ష వచ్చింది. అందులో ఆ దగ్గును ‘ఊపిరాడని వ్యవస్థకు శబ్దరూపం’ అన్నారు. ఇంకొకాయన ర్యాప్ పరాయి ప్రక్రియ అని రాస్తే, మరొకాయన మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నదే అని జవాబు రాశాడు. వాళ్లిద్దరూ ఒకరినొకరు తిట్టుకోవడంలో పడి మిల్లును మర్చిపోయారు. ఆదివారం పేజీలో ఒక పెద్దమనిషి ‘దగ్గు శబ్దం కొంత తగ్గించి ఉంటే శ్రావ్యంగా ఉండేది’ అని సలహా ఇచ్చాడు. ఆ ముక్క చదివి వినిపిస్తే అక్క, “తగ్గియ్యాలనే నాక్కూడ ఉన్నది” అంది. మా బిడ్డ ప్రతి సమీక్షనూ చివరిదాకా చదివేది, ఎక్కడైనా మిల్లు మాట వస్తుందేమోనని. ఫోన్ పక్కన పెట్టి “మంచిగనే రాసిండ్రు” అనేది. పరీక్ష తప్పిన పిల్లలు మార్కుల మాట చెప్పే గొంతు అది, నాకు బాగా తెలుసు.

ఇంతలో సూర్యాపేటలో ఆవిష్కరణ సభ పెట్టారు. నెట్‌లో అప్పటికే ఊరంతా వింటున్నదాన్ని ఎలా ఆవిష్కరిస్తారని నేను అడిగితే, సభ పెట్టినాయన నొచ్చుకున్నాడు. సభ అన్నాక ఆవిష్కరణ ఉండాలి. ఒక స్టీలు పళ్లెంలో పెన్‌డ్రైవ్ పెట్టి, దానికి జిగేల్‌మనే కాగితం చుట్టారు. ముఖ్య అతిథి ఆ కాగితం విప్పాక, వేలెడంత కూడా లేని ఆ వస్తువును వేదిక మీద వాళ్లందరూ తలా ఒక వేలు వేసి పట్టుకుని ఫొటో దిగారు. ఫొటోలో వేళ్లే పడ్డాయి. ఆహ్వాన పత్రికలో ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి అయ్యాక ఆత్మీయ అతిథి అని ఒకరుంటారు కదా. ఆ ఆత్మీయ అతిథి మా అక్క పనిచేసిన మిల్లు యజమాని. హాలు ఖర్చు ఆయనే పెట్టుకున్నాడట. ఆయన లోపలికి రాగానే వెనక వరుసలో నా పక్కన కూర్చున్న అక్క అలవాటుగా లేచి నిలబడింది. నేను చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

ఆయన మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి. “గీ అమ్మాయి మన మిర్యాలగూడ బిడ్డ. మా మిల్లు మీద గూడ పాడింది. తప్పేమున్నది? విమర్శ ఉండాలె. నేను స్వాగతిస్తున్న” అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆయన లేచి మా బిడ్డకు శాలువా కప్పాడు. సన్మానాల శాలువాల సంగతి నాకు తెలుసు, మా బీరువాలో అర నిండా ఉన్నాయి. చలికి పనికిరావు, చేతులు తుడుచుకోవడానికీ పనికిరావు. ఆ శాలువా కింద మా బిడ్డ మొహం చూశాను. కేసు ఇక లేదు, రాదు. దానికి ఆ క్షణంలోనే అర్థమైంది. నాక్కూడా.

తర్వాత ఒక విశ్రాంత లెక్చరరుగారు ఆల్బమ్ మీద ప్రధాన ప్రసంగం అందుకున్నారు. ఊకదంపుడే కానీ, గొంతు మంచిది. ఆయన సరిగ్గా ‘ఈ దగ్గు ఒక ప్రతీక’ అన్న దగ్గరికి వచ్చేసరికి వెనక అక్కకు దగ్గు అందుకుంది. కొంగు నోట్లో కుక్కుకుంది, ఆగలేదు. బ్యాడ్జీ పెట్టుకున్న కార్యకర్త ఒకాయన వంగి వంగి మా దగ్గరికి వచ్చాడు. “అమ్మా, జర బయట కూసోండ్రి. రికార్డింగ్ నడుస్తున్నది” అన్నాడు, పాపం మర్యాదగానే. నా నోటికి చాలా మాటలు వచ్చాయి కానీ అక్క అప్పటికే లేచి నడుస్తోంది. ఇద్దరం బయటికొచ్చి, చెప్పులు విప్పిన చోట మెట్ల మీద కూర్చున్నాం. లోపలి ప్రసంగం బయట మైకులోంచి స్పష్టంగా వినిపిస్తోంది.

“ఏమంటున్నడే సారు?” అని అడిగింది అక్క, ఊపిరి అందుకున్నాక.

“నీ దగ్గు గురించే చెప్తున్నడక్కా.”

“మంచిగనే చెప్తున్నడా?”

“మంచిగనే చెప్తున్నడు.”

“అయ్యో, నేను అడ్డమైతిని” అంది. నాకు ఏడుపొచ్చింది. అక్కడ ఏడిస్తే అక్క భయపడుతుందని చెప్పులు వరుసగా సర్దుతూ కూర్చున్నాను. చివర్లో మొదటి పాట వినిపిస్తామని ఆహ్వాన పత్రికలో వేశారు. ప్రసంగాలు సాగి సాగి హాలు సమయం అయిపోయింది, తర్వాతి కార్యక్రమం వాళ్లు గుమ్మంలో నిలబడి గొణుగుతున్నారు. ఆల్బమ్‌లోంచి ఒక్క ముక్క వినకుండానే వందన సమర్పణ చేసి అందరినీ టిఫినుకు పిలిచారు.

వానాకాలం వడ్లు మిల్లులకు చేరి, గొట్టాలు రాత్రీ పగలూ పొగ కక్కే రోజుల్లో అక్క పోయింది. మిల్లు ఆరోజు కూడా నడిచింది. పాస్టరుగారు ప్రార్థన ముగించేసరికి ఆయన తెల్లచొక్కా భుజాల మీద, అక్క మీద కప్పిన తెల్లబట్ట మీద నుసి చుక్కలు పడ్డాయి. మా బిడ్డ వాటిని ఒక్కొక్కటే వేలితో అద్ది తీయబోయింది. తీసేకొద్దీ పడుతున్నాయి. కొంతసేపటికి మానేసింది. ఆ తర్వాత కొద్దిరోజులకు ఎవరో పత్రిక ఆయన ఫోన్ చేసి రెండో ఆల్బమ్ ఎప్పుడని అడిగాడు. “దాంట్ల ఎవరు దగ్గాలె సార్?” అని అడిగి ఫోన్ పెట్టేసింది. అంతే, ఇప్పటిదాకా మళ్లీ పాడలేదు. షోరూములో ఫోన్లు అమ్ముతోంది. ఆదివారం వస్తే నాకు ఫోన్ చేస్తుంది, కూరల ధరలు మాట్లాడుకుంటాం.

ఈ మధ్యలో కోదాడ షాపు అబ్బాయి ఆ పాటలోంచి మాటలన్నీ తీసేసి, డప్పూ దగ్గూ మాత్రం ఉంచి డీజేవాళ్లకు ఇచ్చాడు. నేను ఫోన్‌లో చెడామడా తిట్టాను. “తప్పుగా అనుకోకండి మేడం, బీటు అంత బాగుంటే ఊరికే ఎందుకు పడుండాలని ఇచ్చానండి. మాటలుంటే జనం ఎగరరు కదా” అన్నాడు. వాడి మీద కోపం ఎక్కువ కాలం నిలవలేదు. ఆ ఆల్బమ్ గురించి మాట్లాడిన వాళ్లందరిలో ఉన్నదున్నట్టు చెప్పింది వాడొక్కడే.

మొన్న బరాత్ మా గేటు ముందు ఆగినప్పుడు, కిటికీ దగ్గర నిలబడి మా బిడ్డకు ఫోన్ చేశాను. ఎందుకు చేశానో తెలియదు. చూసుకో, మీ అమ్మ మీద జనం గంతులేస్తున్నారని చెప్పి కడుపులో మంట చల్లార్చుకుందామనుకున్నానేమో. అది ఎత్తగానే చప్పుడు గుర్తుపట్టింది.

“కిటికీ మూస్తున్న బిడ్డా” అన్నాను.

“మూయకు చిన్నమ్మా. ఫోన్ జర బయటికి పెట్టు.”

“నీ పాటను గిట్ల ఆగం జేసిండ్రు గదనే.”

“నా పాటల నేను మస్తు గట్టిగ ఒర్రిన చిన్నమ్మా, అమ్మ సరిగ్గ వినబడది. గీదాంట్ల నేను లేను. అమ్మ ఒక్కతే ఉన్నది.”

కిటికీ ఊచల మధ్యలోంచి ఫోన్ బయటికి చాపి పట్టుకున్నాను. చెయ్యి లాగుతున్నా దించలేదు. పిల్లలు ఎగిరారు, పెళ్లికొడుకు మీద కాగితం ముక్కలు చల్లారు, అక్క దగ్గింది, ఊపిరి లాగింది, మళ్లీ దగ్గింది. బండి మెల్లగా కదిలి సందు మలుపు తిరిగాక ఫోన్ చెవికి పెట్టుకుంటే అటువైపు లైను ఇంకా ఉంది. “బండి పోయింది బిడ్డా” అని చెప్పి పెట్టేశాను. ఇప్పుడు ఎక్కడ పెళ్లి జరిగినా ఆ పాటే వేస్తున్నారు. మూఢం వెళ్లి మళ్లీ ముహూర్తాలు మొదలయ్యేసరికి డీజేవాళ్లు కొత్త పాట తెచ్చుకుంటారు. మా అక్కకు అంతవరకే ఊపిరి.